డార్క్ ఫారెస్ట్ వాదన నవల బయట కూడా నిలుస్తుందా? లియూ త్సిషిన్ పాఠకులకు ఒక ప్రశ్న

ప్రశ్న: సీతమ్మధార పాఠకురాలు

విశాఖపట్నంలో మేము కొందరం ఆదివారం సాయంత్రాలు కలుసుకొని, అందరం చదివిన ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. కొంతకాలంగా చైనా రచయిత లియూ త్సిషిన్ నవలలు ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’, ‘ద డార్క్ ఫారెస్ట్’, ‘డెత్స్ ఎండ్’ ఇంగ్లీషు అనువాదాల్లో చదివాం. మూడూ పూర్తయ్యాక మా చర్చ ఒక్క విషయం దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి కదలడం లేదు. నవలలు ఇంకా చదవనివారు దయచేసి ఇక్కడితో ఆపండి. ముఖ్యమైన మలుపులు బయటపెట్టకుండా నేను ఈ ప్రశ్న అడగలేను.

రెండో నవలలో లువో జీ అనే సామాజిక శాస్త్రవేత్త, మొదటి నవలలోని ఖగోళ శాస్త్రవేత్త యే వెన్‌జియే తనకు చెప్పిన రెండు మూలసూత్రాల నుంచి ఒక సిద్ధాంతాన్ని రాబడతాడు. ప్రతి నాగరికతకూ మనుగడే మొదటి అవసరం అన్నది మొదటి సూత్రం. నాగరికతలు పెరుగుతూనే ఉంటాయి కాని విశ్వంలోని పదార్థం మొత్తం పెరగదు అన్నది రెండోది. వీటికి ఇంకో రెండు భావనలు తోడవుతాయి. నక్షత్రాల మధ్య అంతంత దూరాలున్నప్పుడు అవతలివారు మంచివారో కాదో, మన గురించి ఏమనుకుంటున్నారో, వారి గురించి మనం అనుకునేది వారికి తెలుసో లేదో తేల్చుకునే దారి లేదు కనుక అనుమానాల గొలుసు ఎక్కడా తెగదు. ఇవాళ వెనకబడి ఉన్న జాతి రేపు సాంకేతికంగా ఒక్క గెంతులో మనల్ని దాటిపోవచ్చు కనుక బలహీనులను వదిలేయడం కూడా క్షేమం కాదు. ఈ నాలుగింటినీ కలిపితే, విశ్వం ఒక చీకటి అడవి, అందులో ప్రతి నాగరికతా నక్కి ఉన్న వేటగాడే, కనిపించినవారిని వెంటనే నాశనం చేయాలి, తాము మాత్రం ఎవరికీ కనిపించకూడదు అన్న ముగింపు వస్తుంది. ఇంత పెద్ద విశ్వంలో ఇతర జీవుల జాడ ఎందుకు లేదని ఎన్‌రికో ఫెర్మీ 1950లో లేవనెత్తిన సందేహానికి ఇదే జవాబని నవల సూచిస్తుంది.

మా బృందంలోని కాలేజీ విద్యార్థులు దీన్ని నిరూపణ అయిపోయిన విషయంగా తీసుకుంటున్నారు. అంతటితో ఆగకుండా దేశాలకూ, ఉద్యోగాలకూ, చివరకు స్నేహాలకూ దీన్నే అన్వయిస్తున్నారు. నాకు ఇది మింగుడుపడటం లేదు, కాని మింగుడుపడకపోవడం ఒక వాదన కాదని నాకు తెలుసు. ఈ తర్కంలో లోపం ఉంటే అది సరిగ్గా ఎక్కడ ఉంది? లోపం లేకపోతే ఆ మాట కూడా నిర్మొహమాటంగా చెప్పండి. ఈ రచయిత మిగతా రచనలు చదివినవారు, ఆయన ఇతర కథలు కూడా ఇదే మాట చెబుతాయో లేదో తెలియజేస్తే మరీ మంచిది.


జవాబు: భీమిలి ఫిజిక్స్ మాస్టారు

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు లియూ త్సిషిన్ నవల కట్టే పద్ధతిని గమనించాలని నా అభిప్రాయం. ఆయన ఒక నిజమైన శాస్త్ర విషయాన్ని తీసుకుంటారు, అందులో ఒకటి రెండు షరతులు మారుస్తారు, ఆ తరువాత మాత్రం ఎక్కడా రాజీ పడకుండా దాని పర్యవసానాలను చివరిదాకా నడిపిస్తారు.

మొదటి నవల పేరులోని సమస్యనే చూడండి. మూడు ఖగోళ వస్తువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటూ తిరిగితే అవి ఏ క్షణాన ఎక్కడుంటాయో చెప్పగల సాధారణ సూత్రం కోసం న్యూటన్ తరువాత ఎందరో ప్రయత్నించారు. స్వీడన్ రాజు రెండో ఆస్కార్ పేరిట ప్రకటించిన పోటీకి పంపిన పరిశోధనలో, 1890 ప్రాంతంలో, హెన్రీ పాంకరే ఆ చలనం ఎంత చిక్కుపడినదో చూపించారు. ఇది నిజం. అయితే ప్రత్యేకమైన అమరికల్లో ఇదే సమస్య చక్కగా లొంగుతుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్1 భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఆయిలర్, లగ్రాంజ్‌లు 18వ శతాబ్దంలో లెక్క కట్టిన అలాంటి ఒక బిందువు చుట్టూనే తిరుగుతోంది. ఇక నవలలోని మూడు సూర్యులకు ఆధారమైన ఆల్ఫా సెంటారీ విషయానికి వస్తే, అక్కడి రెండు పెద్ద నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి దాదాపు 80 ఏళ్ళకొకసారి తిరుగుతాయి, మూడోదైన ప్రాక్సిమా వాటికి ఎంతో దూరంగా ఉంటుంది. ఆ దూరం వల్లే అక్కడ నవలలో ఉన్నంత అల్లకల్లోలం లేదు. రచయిత ఆ దూరాన్ని తీసివేశారు. ఆ ఒక్క మార్పు నుంచి, ఎండిపోయి చుట్టలు చుట్టుకొని మంచి కాలం కోసం ఎదురుచూసే ఒక జాతి మొత్తం పుట్టింది. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది, ఆయన దాన్ని గొప్పగా వాడుకున్నారు.

డార్క్ ఫారెస్ట్ వాదన కూడా ఇలాంటిదే. అందులో మార్చిన షరతు, దాక్కోవడం సాధ్యమే అన్నది. భూమి వాతావరణంలోకి ఆక్సిజన్ చేరడం మొదలై 200 కోట్ల ఏళ్ళు దాటింది. దూరపు గ్రహాల వాతావరణంలో ఏ వాయువులున్నాయో వాటి గుండా వచ్చిన కాంతిని విడదీసి తెలుసుకునే పని మనమే ఇప్పుడు జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చేస్తున్నాం. మనకన్నా కొద్దిగా ముందున్న జాతి ఏదైనా మన వైపు చూసి ఉంటే, మనిషి పుట్టక ముందే, రేడియో అన్న ఊహే లేనప్పుడే, ఇక్కడ జీవం ఉందని దానికి తెలిసిపోయి ఉండాలి. 1974లో అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి నక్షత్రాల వైపు పంపిన సందేశాన్ని తలుచుకొని భయపడేవారు ఈ సంగతి ఆలోచించరు. జీవం కనిపించిన ప్రతి చోటునూ కాల్చేవారు నిజంగా ఉంటే మనకు ఇంత గడువు ఎందుకు దొరికినట్టు? దీనికి నవలలో నాకు జవాబు దొరకలేదు.

రెండో సూత్రం గురించి ఒక్క మాట. సూర్యుడు వెలువరించే శక్తిలో భూమి మీద పడేది దాదాపు 220 కోట్ల వంతుల్లో ఒక వంతు. మిగిలినదంతా ఎవరికీ అక్కరకు రాకుండా పోతోంది. ఇంత మిగులు ఉన్నచోట కొరతను మూలసూత్రంగా పెట్టుకోవడం నాకు తొందరపాటుగా కనిపిస్తుంది.


జవాబు: పరవాడ ఇంజనీరు

మాస్టారు గారి మొదటి మాటతో ఏకీభవిస్తున్నాను, చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేస్తాను, పెరుగుదల అంటే ఏమిటో రోజూ అంకెల్లో చూసేవాడిని. ప్రపంచం మొత్తం వాడే శక్తి ఏటా కేవలం 2 శాతం చొప్పున పెరుగుతుందనుకోండి. సుమారు 35 ఏళ్ళకు రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఇప్పటి వాడకం సూర్యుడి మొత్తం ఉత్పత్తిని అందుకోవడానికి దాదాపు 1500 ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు పక్కన, అంతెందుకు, మన ఆంధ్రుల చరిత్ర పక్కన కూడా అది పెద్ద కాలం కాదు. 220 కోట్ల వంతుల మిగులు ఎంత పెద్దదిగా కనిపించినా, రెట్టింపవుతూ పోయే వస్తువు ముందు నిలవదు. లియూ రాసిన రెండో సూత్రంలో ‘పెరుగుతూనే ఉంటాయి’ అన్న భాగమే అసలు బలం. దాన్ని కాదనాలంటే నాగరికతలు ఎక్కడో ఒకచోట పెరగడం ఆపుకుంటాయని చూపించాలి. అలా ఆపుకున్న సమాజాన్ని నేనింకా చూడలేదు.

ఈ రచయితకు ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆయన 1963లో పుట్టి, షాన్షీ రాష్ట్రంలోని బొగ్గు గనుల ఊరు యాంగ్‌చ్వాన్‌లో పెరిగారు. జలవనరులు, విద్యుత్తు బోధించే కళాశాలలో 1988లో పట్టా పొంది, నియాంగ్జిగువాన్ థర్మల్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీరుగా చేరారు. 2006లో పత్రికలో ధారావాహికగా వచ్చిన మొదటి నవల 2008లో పుస్తకమైంది, ఆ ఏడాదే రెండోది, 2010లో మూడోది వచ్చాయి. 2015లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం అందుకున్న మొదటి అనువాద నవల ఆయనదే. కొండలాంటి బొగ్గు గుట్ట కరిగి బూడిదగా మారడాన్ని రోజూ చూసే మనిషికి, వనరులు అంటే పుస్తకంలోని మాట కాదు. ‘ద వాండరింగ్ ఎర్త్’ అనే పెద్ద కథలో భూమినే సూర్యుడి నుంచి దూరంగా నడిపించడానికి ఆయన 12,000 ఇంజన్లు అమర్చారు, వాటికి కొండలను తవ్వి ఇంధనంగా పోయించారు. ఆ కథ చదువుతున్నప్పుడు నా మనసు పాత్రల మీదకన్నా ఆ ఇంధనం మోసే ఏర్పాట్ల మీదే నిలిచిందంటే మీరు నమ్మాలి. ‘ఫైర్ ఇన్ ది ఎర్త్’ అనే కథలో బొగ్గును భూగర్భంలోనే వాయువుగా మార్చే ప్రయత్నం చేయి దాటిపోయి పొరలన్నీ అంటుకుంటాయి. గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు నుంచి మొదలయ్యే ఆ కథను మించి ఒక ఇంజనీరు మంచి ఉద్దేశాన్నీ, దాని ఫలితాన్నీ పక్కపక్కన పెట్టిన రచన నేను చదవలేదు.

కాబట్టి సీతమ్మధార పాఠకురాలు గారికి నా జవాబు ఇది: మనుగడ, పెరుగుదల అన్న రెండు సూత్రాలూ బలమైనవే. బలహీనత ఉంటే అది అనుమానాల గొలుసులో ఉండాలి. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఉంటారు.


జవాబు: మల్కాపురం మాజీ నావికుడు

ఇంజనీరు గారు వదిలిన చోట నేను అందుకుంటాను, ఎందుకంటే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం, నీటి కింద ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే సోనార్ ముందు గడిచింది.

‘ద డార్క్ ఫారెస్ట్’ను నేను నౌకాదళ నవలగానే చదివాను. నీటి కింద జలాంతర్గామి ఎలా బతుకుతుందో తెలిసినవారికి లువో జీ సిద్ధాంతం కొత్తగా అనిపించదు. సోనార్ రెండు రకాలు. ఒకటి కేవలం వినేది, ఇంకొకటి తానే శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో ఎదుటివారిని పట్టేది. శబ్దం పంపితే ఎదుటివారు ఎక్కడున్నారో మీకు తెలుస్తుంది, కాని మీరు ఎక్కడున్నారో అంతకన్నా ఎక్కువ దూరంలో ఉన్నవారందరికీ తెలిసిపోతుంది. అందుకే జలాంతర్గాములు వింటూ ఉంటాయి, పలకవు. ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి లోపలికి మీ విద్యార్థులను తీసుకెళ్ళి ఆ ఇరుకు గదుల్లో నిలబెట్టండి. అడవిలో నక్కిన వేటగాడి మనస్థితి ఏమిటో వారికి నవలకన్నా బాగా అర్థమవుతుంది. ఆ మేరకు లియూ రాసింది నిజమే.

అయితే సముద్రం మొత్తం జలాంతర్గామి కాదు. విద్యార్థులు మరిచిపోతున్నది ఇక్కడే.

రెండో నవల చివరిలో మూడు సూర్యుల లోకంవారైన ట్రైసోలారన్లు పంపిన ‘నీటిబొట్టు’ అనే ఒకే ఒక్క చిన్న యంత్రం, వరుస తీరి నిలిచిన దాదాపు 2,000 యుద్ధనౌకల మానవ అంతరిక్ష దళాన్ని చీల్చి నాశనం చేస్తుంది. తప్పించుకున్న కొద్ది నౌకలకు తిరిగి వెళ్ళే చోటు లేదు. ఇంధనం, విడిభాగాలు అందరికీ చాలవు. ఈ సంగతి ఒక నౌకలోని వారికి తట్టగానే, ఇదే సంగతి పక్క నౌకవారికి కూడా తట్టి ఉంటుందన్న ఆలోచన వస్తుంది. చివరకు ఒకే సేనకు చెందిన నౌకలు ఒకదానినొకటి కాల్చుకుంటాయి. నౌకాదళం నుంచి అంతరిక్ష దళానికి వచ్చిన జాంగ్ బేహాయ్ అక్కడ చనిపోతాడు. శతాబ్దాల పాటు తన మనసులోని ఓటమి నమ్మకాన్ని ఎవరికీ తెలియనివ్వకుండా, మానవజాతిలో కొందరినైనా బతికించాలని పథకం వేసిన మనిషి, మీట నొక్కడంలో కొన్ని క్షణాలు ఆలస్యం చేసి పోతాడు. మూడు నవలల్లోనూ నేను మళ్ళీ మళ్ళీ చదివిన భాగం అదే. అది అబద్ధమని నేను అనలేను.

కాని భూమి మీద సముద్రాల్లో ఇదే పరిస్థితిని మనుషులు ఎలా ఎదుర్కొన్నారో చూడండి. నడిసముద్రంలో ఎదురుపడిన రెండు నౌకలకూ ఒకదాని మనసు ఒకదానికి తెలియదు, సహాయం చాలా దూరం, తిండీ నీరూ పరిమితం. అయినా ఆపదలో ఉన్నవారిని కాపాడటం ప్రతి కెప్టెన్‌కూ విధి అన్న నియమం నిలబడింది. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందమే రాసుకున్నారు. పరస్పరం అణ్వస్త్రాలు గురిపెట్టుకున్న అమెరికా, సోవియట్ యూనియన్ సైతం తమ యుద్ధనౌకలు దగ్గరికి వచ్చినప్పుడు ఏ సంకేతాలు ఇవ్వాలో, ఏ పనులు చేయకూడదో 1972లో ఒప్పందం చేసుకున్నాయి. వారి మధ్య అనుమానం పోయి కాదు ఆ ఒప్పందం కుదిరింది. అనుమానం ఉంది కనుకనే కుదిరింది. అనుమానాల గొలుసును తెంచనక్కరలేదు, అది కాల్పుల దాకా వెళ్ళకుండా ఆపితే చాలు.

దీనికి విద్యార్థులు చెప్పగల గట్టి జవాబు ఒకటుంది. సముద్రంలో సంకేతానికి క్షణాల్లో బదులు వస్తుంది, నక్షత్రాల మధ్య ఏళ్ళు పడుతుంది. ఆ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. అందుకే నా తీర్పు ఇది: మాట్లాడుకోవడానికి దారి లేనంత దూరంలో ఉన్నవారి మధ్య ఈ సిద్ధాంతం నిలవవచ్చు. మాట్లాడుకోగలిగిన వారి మధ్య, అంటే దేశాల మధ్య, సహోద్యోగుల మధ్య, స్నేహితుల మధ్య దాన్ని వాడటానికి నవలే అనుమతి ఇవ్వదు. ట్రైసోలారన్ల లోకం ఎక్కడుందో విశ్వమంతటికీ చాటేస్తానన్న లువో జీ బెదిరింపుతో శాంతి కుదిరిన దశాబ్దాల్లో, వేరువేరు నక్షత్రాలకు చెందిన ఆ రెండు జాతులూ శాస్త్రాన్నీ కళలనూ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మూడో నవలలో స్వయంగా రచయితే వర్ణించారు.


జవాబు: పాడేరు వైపు ఉపాధ్యాయిని

పెద్దలు ముగ్గురూ సిద్ధాంతాన్ని చక్కగా పరీక్షించారు. పాఠకురాలు గారు అడిగిన చివరి ప్రశ్నకు, అంటే ఈ రచయిత మిగతా చోట్ల ఏమి చెప్పారన్న దానికి, నేను జవాబు ఇస్తాను. ఆయన ప్రతి చోటా ఈ మాట చెప్పలేదు. కొన్ని చోట్ల దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పారు.

‘ద విలేజ్ టీచర్’ అనే కథ ఒక వెనకబడిన కొండ పల్లెలో జరుగుతుంది. అన్నవాహిక క్యాన్సర్‌తో చనిపోతున్న బడిపంతులు, తన దగ్గరున్న కాస్త డబ్బునూ వైద్యానికి కాక బడికే ఖర్చుపెట్టినవాడు, చివరి గంటల్లో పిల్లలను మంచం చుట్టూ కూర్చోబెట్టుకొని న్యూటన్ చలన సూత్రాలు మూడింటినీ వల్లె వేయిస్తాడు. వారికి అవి అర్థం కావు. అదే కాలంలో పాలపుంతలో సుదీర్ఘమైన యుద్ధాన్ని ముగించిన ఒక మహా సమాఖ్య, శత్రువులు మళ్ళీ దాడి చేయకుండా మధ్యలో ఖాళీ ప్రాంతాన్ని సృష్టించడానికి నక్షత్రాలను పేల్చుకుంటూ వస్తుంటుంది. అయితే పేల్చే ముందు అక్కడ నాగరికత ఉందేమో పరీక్షిస్తుంది, ఉంటే వదిలేస్తుంది. భూమి మీద ఆ పరీక్షకు యాదృచ్ఛికంగా దొరికినవారు ఈ పిల్లలే. పంతులు వల్లె వేయించిన మూడు సూత్రాలు వారి నోట రావడంతో భూమి బతుకుతుంది. అంతకన్నా నన్ను కదిలించినది ఆ గ్రహాంతరవాసుల ఆశ్చర్యం. పుట్టుకతో జ్ఞాపకాలు సంక్రమించని జాతి, మాటల ద్వారా అంత నెమ్మదిగా సమాచారం అందించుకునే జాతి, నాగరికతను ఎలా నిర్మించగలిగిందని వారు విస్తుపోతారు. తరానికీ తరానికీ మధ్య జ్ఞానాన్ని చేరవేసే వ్యక్తులు అక్కడ ఉంటారని, వారిని ఉపాధ్యాయులు అంటారని చివరికి తెలుసుకుంటారు. ఏజెన్సీలో ఒకే టీచరు ఉన్న బళ్ళలో పనిచేసినవారు ఈ కథను పొడి కళ్ళతో చదవలేరు.

ఇక్కడ గమనించండి: ఈ కథలోనూ నక్షత్రాలను పేల్చేవారు ఉన్నారు, యుద్ధం ఉంది, భయం ఉంది. అయినా వారు ముందు అడుగుతారు, తరువాత నిర్ణయిస్తారు. అదే రచయిత, అదే విశ్వం లాంటి విశ్వం, ఒక్క ప్రశ్న అడగడంతో కథ మొత్తం మారిపోయింది. ‘టేకింగ్ కేర్ ఆఫ్ గాడ్’ అనే కథలో మన భూమి మీద జీవాన్ని నాటిన 200 కోట్ల మంది ముసలి దేవుళ్ళు, ఇంత అన్నం పెట్టమంటూ ఇంటింటికీ వస్తారు. వారిని చూసుకోవడంలో కోడళ్ళూ కొడుకులూ పడే విసుగు మన ఇళ్ళలోదే.

అసలు మూడు నవలల లోపలే ఈ సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం మొదటి నవల నుంచీ ఉంది. యే వెన్‌జియే అంతరిక్షంలోకి పంపిన సందేశం ట్రైసోలారన్ల లోకమైన ట్రైసోలారిస్‌లో మొదట అందినది ఒంటరిగా ఉండే ఒక శ్రోతకు. అతను తన జాతికి ద్రోహం చేసి మరీ, బదులు ఇవ్వవద్దని మూడుసార్లు హెచ్చరిస్తాడు. ఎన్నడూ చూడని ఒక లోకం నాశనం కాకూడదన్న కోరిక తప్ప అతనికి వేరే ప్రయోజనం లేదు. సిద్ధాంతం ప్రకారం అలాంటి జీవి ఉండకూడదు. ఆ హెచ్చరికను తెలిసి తెలిసి తోసిపుచ్చి జవాబు పంపింది మనిషే. 1967లో తండ్రిని తన కళ్ళ ముందే కొట్టి చంపిన జనాన్ని చూసిన యే వెన్‌జియే, మనుషులు తమను తాము బాగుచేసుకోగలరన్న నమ్మకాన్ని పోగొట్టుకుంది. లువో జీకి మూలసూత్రాలు ఇచ్చినది కూడా ఆమే. అంత గాయపడిన మనసు నుంచి వచ్చిన సూత్రాలను విశ్వమంతటికీ వర్తించే గణితంగా చదవడం దగ్గరే మన విద్యార్థులు దారి తప్పుతున్నారని నేను అనుకుంటున్నాను.

మూడో నవలలో లువో జీ తరువాత ఆ బెదిరింపు బాధ్యత తీసుకున్న చెంగ్ షిన్ గురించి కూడా మీ బృందంలో మాట్లాడండి. భూమిని కాపాడే మీట ఆమె చేతికి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే దాడి జరిగితే, రెండు లోకాలనూ చంపే మీటను ఆమె నొక్కలేకపోయింది. చాలామంది పాఠకులు ఆమెను తిడతారు. ఆమెను ఆ స్థానానికి ఎన్నుకున్నది మొత్తం మానవజాతి అన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. రచయిత స్త్రీ పాత్రలను చిత్రించిన తీరు మీద, ముఖ్యంగా లువో జీ ఊహాసుందరి భాగం మీద నాకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. చెంగ్ షిన్ విషయంలో మాత్రం తప్పు ఎక్కువగా పాఠకులదే.


జవాబు: పరవాడ ఇంజనీరు

ఉపాధ్యాయిని గారు చెప్పిన శ్రోత విషయం ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం. ఒక జాతిలో దయగలవారు ఒకరిద్దరు ఉండటం సిద్ధాంతాన్ని పడగొట్టదు. ఆ శ్రోత హెచ్చరించినా ట్రైసోలారన్ల దళం బయలుదేరింది కదా. సిద్ధాంతం వ్యక్తుల గురించి కాదు, నాగరికతల గురించి.


జవాబు: పాడేరు వైపు ఉపాధ్యాయిని

నిజమే. కాని ఆ దళం బయలుదేరింది భూమి చిరునామా దొరికింది కనుక, ఆ చిరునామా దొరికింది ఒక వ్యక్తి నిర్ణయం వల్ల. లువో జీ, జాంగ్ బేహాయ్, చెంగ్ షిన్, ఆ శ్రోత: ఈ నవలల్లో నాగరికతల గతిని ప్రతి మలుపులోనూ మార్చినది ఒక్కొక్క వ్యక్తే. సిద్ధాంతం వ్యక్తులను లెక్కలోకి తీసుకోదు, కథ మాత్రం వారి మీదే నడుస్తుంది.


సీతమ్మధార పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. మా వాళ్ళకు కుర్సురా లోపల ఒక ఉదయం గడిపే ఏర్పాటు చేస్తాను, వచ్చే సమావేశానికి ‘ద విలేజ్ టీచర్’ చదవమని చెబుతాను. మాస్టారు గారి ఆక్సిజన్ వాదననూ, ఇంజనీరు గారి 2 శాతం లెక్కనూ ఎదురెదురుగా పెట్టి విద్యార్థుల చేతనే వాదింపజేయాలని ఉంది. ఉపాధ్యాయిని గారూ, ఆ కథ ఏ సంపుటంలో దొరుకుతుందో చెప్పగలరా?


జవాబు: పాడేరు వైపు ఉపాధ్యాయిని

‘టు హోల్డ్ అప్ ద స్కై’ అనే ఇంగ్లీషు సంపుటంలో ఉంది, 2020లో వచ్చింది. ఇంజనీరు గారు చెప్పిన బొగ్గు గని కథ కూడా అందులోనే ఉంటుంది కనుక రెండూ కలిపి చదివించండి. ‘టేకింగ్ కేర్ ఆఫ్ గాడ్’ మాత్రం ‘ద వాండరింగ్ ఎర్త్’ సంపుటంలో ఉంది. ‘ద విలేజ్ టీచర్’ ఆధారంగా 2019లో చైనాలో ఒక హాస్య చిత్రం వచ్చింది కాని దానికీ ఈ కథకూ పోలిక చాలా తక్కువ. పిల్లలు సినిమా చూసి కథ చదివినట్టే అనుకోకుండా ముందే చెప్పండి.